గండికోట కింద గిరగిరా

ఆ పొద్దున ఆకాశం తోమి బోర్లించిన సత్తుగిన్నెలా ఉంది. ఒక మూల మాత్రం మబ్బు మరక మిగిలిపోయింది.

నేను ఒక పుట్టిని. వెదురు బద్దలు అల్లి, యూరియా సంచులు కుట్టి, తారు పూసి నన్ను పెన్నలోకి దించినవాళ్లు పుల్లన్న, అతని తమ్ముడు సుంకన్న. గండికోటకు వచ్చినవాళ్లను లోయలో తిప్పడం మా ముగ్గురి పని.

అన్నదమ్ములకు మాటలు లేక నెల దాటింది. కోటలోని పావురాల గోపురంలో రాణి స్నానం చేసేదని సుంకన్న ఎవరికో చెప్పాడు. "పావురాలతో కలిసి తానం చేసెనా?" అని పుల్లన్న నలుగురిలో నవ్వాడు. అంతే.

ఆ రోజుతో పొత్తు విడిపోవాలి. నన్ను గొర్రెల కాపరికి ఇచ్చేయడానికి మాటైపోయింది. ఇన్నేళ్లు నీళ్లమీద తిరిగి, ఇక గొర్రెపిల్లల మీద గంపలా బోర్లాపడి ఉండాలి.

ఎక్కింది ఒక్క హుసేన్‌బీ. ఏటి ఒడ్డున కోటలున్న ఊళ్లన్నీ చూడాలని సిద్ధవటం నుంచి సద్దిమూటతో ఒంటరిగా బయలుదేరిన పెద్దావిడ. అన్నదమ్ములు ఒకరి ముఖం ఒకరు చూడకుండా వీపులు కలిపి కూర్చున్నారు. కబుర్లు నా ద్వారానే.

"పుట్టీ, కుడిపక్క తెడ్డెయ్యమని చెప్పు ఆయప్పకు," అన్నాడు సుంకన్న.

"వేస్తానే ఉండానని చెప్పు పుట్టీ."

ఎవరి కుడి వాళ్లు వేశారు. నేను గిరగిరా తిరిగాను. ఎర్రటి బండలు, వాటి నెత్తిన బురుజులు, మళ్లీ అవే బండలు.

"బాగుంది నాయనా! మెడ తిప్పే పన్లేకుండా రెండు గట్లూ చూపిస్తాండారు," అంది హుసేన్‌బీ. "ఇంగ ముందుకు గూడ పోతుందా, ఇంతేనా?"

నాకు నవ్వొచ్చింది. అంతలో మలుపులో గాలి ఈడ్చి కొట్టింది. నేను బండకు తగిలి ఒరిగాను. సుంకన్న తెడ్డుతో సహా నీళ్లలో పడ్డాడు. కాలు మునిగిన కంపలో చిక్కుకుంది. తల ఒకసారి పైకొచ్చి మళ్లీ మునిగింది.

పుల్లన్న ఈసారి నాతో చెప్పలేదు.

"రేయ్ సుంకా! నా చెయ్యి పట్టుకోరా!"

లాగి నాలో పడేశాడు. తమ్ముడు దగ్గి దగ్గి, అన్న చొక్కా వదలకుండానే అన్నాడు:

"అవి పావురాలేలేన్నా."

"రాణి గూడ వచ్చింటాదిలేరా. ఎవురు చూసినారు!"

గట్టు చేరాక నన్ను బోర్లించారు. హుసేన్‌బీ నా వీపు మీదే మూట విప్పింది: సంగటి ముద్దలు, చెనిక్కాయలు నూరిన ఊరిబిండి పచ్చడి. నన్ను తీసుకుపోవడానికి వచ్చిన కాపరి కాసేపు నిలబడి చూసి, నన్ను అక్కడే వదిలి గొర్రెల వెంట పోయాడు.

ముగ్గురూ నా చుట్టూ ఎదురెదురుగా కూర్చుని తిన్నారు. పుల్లన్న పిడికిలితో ఉల్లిగడ్డ గుద్ది, పెద్ద ముక్క తమ్ముడి వైపు జరిపాడు.