గట్టు మీది దారికి కొలత

దర్జీ అక్క దుకాణంలో గుడ్డలు కత్తిరించే పెద్ద బల్ల మీద ఆ సాయంత్రం గుడ్డ లేదు. ఊరి మ్యాప్ పరిచి ఉంది. చుట్టుకుపోకుండా ఒక మూల కత్తెర, ఒక మూల బొత్తాల డబ్బా, మిగతా రెండు మూలలా టీ గ్లాసులు పెట్టారు. ఊరు దాటాక సముద్రం మీదికి తొంగిచూసే ఎత్తు గట్లు, వాటి వెనక అడవి, ఆ రెంటినీ చుట్టి బయల్దేరిన చోటికే తిరిగొచ్చే కాలిబాట. ఆదివారం ఆ బాటన నడవాలని అక్క పట్టుదల.

అసలు సంగతేమిటంటే, చెల్లెలికి మోకాలి చిప్ప మార్చారు. ఒకప్పుడు ఆవిడతో నడవాలంటే ఎంతటివాళ్లకైనా ఆయాసమే. అలాంటిది ఆపరేషన్ అయినప్పటినుంచి ఇంటి ముందు పార్కు, పార్కు నుంచి ఇల్లు. నాలుగు చుట్లు తిరిగి చెప్పులు విప్పేస్తుంది. ఎవరెక్కడికి పిలిచినా, "నా వల్ల మీరంతా ఆగాలి, మీరెళ్లండి" అనేస్తుంది. డాక్టరమ్మ మాత్రం, "పార్కులో నడిచినంత ఎక్కడైనా నడవొచ్చు, దానికి మించొద్దు" అంది. ఆ మాట పట్టుకునే అక్క ఇదంతా తలపెట్టింది. ఈసారి కూడా రానంటే ఈ పిల్ల ఇక ఊరి పొలిమేర చూడదని అక్కకు లోలోపల బెంగ.

"ముందు గట్టెక్కేద్దాం వదినగారూ, సముద్రం చూసేస్తే ఓ పనైపోతుంది" అన్నాడు మరిది, చెల్లెలి మొగుడు. సిటీ బస్సు నడిపే మనిషి, ఎక్కడికైనా త్వరగా చేరిపోవాలనే చూస్తాడు.

"మీకు స్టాపులు తప్ప దారి కనపడదు. అడవిలోంచే వెళ్దాం. అటు వాలు మెల్లగా ఎక్కుతుంది, నీడా ఉంటుంది. సముద్రం ఎక్కడికీ పోదులెండి" అంది అక్క.

చెల్లెలి ఒళ్లో కొత్త బూట్ల పెట్టె ఉంది. మూత తీసి లేసులు సరిచేస్తోంది. రావాలనే ఉంది మరి.

అక్క నీలం దారం తీసి మ్యాప్‌లో పార్కు చుట్టూ నాలుగుసార్లు తిప్పి తెంపింది. తర్వాత ఎర్ర దారం తీసుకుని అడవిలోంచి గట్టు మీదికి, గట్టు మీదుగా మళ్లీ మొదటికి, వంపు వంపుకీ వేలితో అదుముతూ పరిచింది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎర్ర దారమే జానెడు ఎక్కువుంది.

చెల్లెలు పెట్టె మూత మెల్లగా మూసేసింది.

"చెప్పాను కదక్కా. మీరు వెళ్లి రండి. వచ్చాక ఎలా ఉందో చెప్పు, వింటాను."

ఆ "వింటాను" అన్న మాట అక్కకు సూదిలా గుచ్చుకుంది. దారాలు చేతికి చుట్టుకుంటూ కూర్చుంది.

మరిది లేచి నిలబడ్డాడు. నిలబడగానే రెండు చేతులా ప్యాంటు పైకి లాక్కున్నాడు.

"కొత్తదేగా, అప్పుడే జారుతోందా?" అంది అక్క చిరాగ్గా.

"కొత్తదే. మీరు కుట్టిందే. మీ కొలతల సంగతి నాకెందుకు తెలీదు? నాతోపాటు మా కండక్టరు కూడా పడతాడు ఇందులో."

"రేపు లావైతే విప్పుకోవడానికి కుట్లలోకి గుడ్డ వదలొద్దూ? వంపు దగ్గర కాస్త వదులు లేకపోతే కూర్చుంటే పిగిలిపోదూ?"

అంటూనే ఆగిపోయింది. ఆవిడ చూపు ప్యాంటు మీంచి ఎర్ర దారం మీదికి పోయింది.

పార్కు నలుచదరం, దారం బిగించి లాగింది. బాటకున్నవన్నీ వంపులే. చేయి అలవాటున ప్రతి వంపు దగ్గరా చొక్కాకి చంక దగ్గర గుడ్డ వదిలినట్టు కాస్తంత వదిలేసింది. చివర్న ముడికని ఇంకాస్త.

"ఒసే, నేను బాటకు కూడా కుట్లలోకి వదులు పెట్టేశానే" అంది అక్క.

మరిది బల్ల పట్టుకుని నవ్వాడు. చెల్లెలు నవ్వలేదు. "నన్ను లాక్కెళ్లాలని ఇప్పుడు దారి పొట్టి చేస్తున్నావు" అంది.

"నా చేతిని నేనే నమ్మను. నువ్వే పెట్టుకో" అని అక్క ఎర్ర దారపు ఉండ ఆవిడ ముందుకు దొర్లించింది.

చెల్లెలు కళ్లజోడు పెట్టుకుంది. దారం కొస బొటనవేలితో నొక్కి, పిసినారిలా బిగించి అడవిలోకి నడిపించింది. వంపు దగ్గర ఆగింది. "ఇక్కడ బెంచీ గుర్తు ఉందే." మళ్లీ కదిలింది. గట్టు అంచుకు వచ్చేసరికి వేలు మరికాస్త సేపు ఆగిపోయింది.

"ఇక్కణ్ణుంచి సముద్రం మొత్తం కనపడుతుందా?"

"ఎదురుగా అదే. ఇంకేమీ ఉండదు" అన్నాడు మొగుడు.

చుట్టు పూర్తి చేసి దారం తెంపి, నీలం దారం పక్కన పెట్టింది. రెండోసారి కూడా సరిచూసుకుంది. ఈసారి ఎర్రదే గోరంత తక్కువ.

"తక్కువే" అంది, ఎవరో కాదన్నట్టు. పెట్టె తెరిచి బూట్లు తొడుక్కుని, దుకాణంలో ఆ గోడ నుంచి ఈ గోడకు నడిచింది. "అక్కా, ఆ బెంచీ దగ్గర మాత్రం నేను కూర్చుంటాను. ముందే చెబుతున్నా."

"కూర్చో తల్లీ. నాకూ ఆయాసమే."

"నేను మాత్రం నిలబడే ఉంటాను" అన్నాడు మరిది నడుము పట్టుకుని. "కూర్చుని లేచానంటే ప్యాంటు బెంచీ మీదే ఉండిపోతుంది."

"విప్పి ఇవ్వండి, బిగిస్తాను" అంది అక్క సూదిలో దారం ఎక్కిస్తూ. ఆ మిగిలిన ఎర్ర దారమే.