రెండో మంచం

బజారులో నన్ను అందరూ జిప్పులావిడ అంటారు. తెగిన సంచులు, మొరాయించే జిప్పులు, చక్రాలూడిన సూట్‌కేసులు బాగుచేయడం నా పని. కింద కొట్టు, పైన ఒకటే గది. గదిలో రెండు మంచాలున్నాయి. ఒకదాని మీద నేను పడుకుంటాను, రెండోదాని మీద రిపేరుకొచ్చిన సూట్‌కేసులు పడుకుంటాయి. గురక పెట్టవన్న మాటే గానీ, వాటితో రెండు ముక్కలు మాట్లాడదామంటే కుదరదు.

అండాశయం క్యాన్సరు మొదటిసారి వచ్చినప్పుడు ఆపరేషన్ చేసి, మందులెక్కించి, పోయిందన్నారు. కొన్ని నెలలకే మళ్ళీ వచ్చింది. పాత మందులు ఇక పనిచేయవని తేలాక, కొత్త మందును పరీక్షిస్తున్న పెద్దాసుపత్రికి వెళ్ళమన్నాడు మా డాక్టరు.

"అందర్నీ చేర్చుకోరమ్మా, వాళ్ళకి కొన్ని షరతులుంటాయి. ఇంట్లోవాళ్ళని ఎవర్నైనా వెంటబెట్టుకెళ్ళు" అన్నాడు. ఇదొక్కటే మిగిలిన దారి అని మాత్రం అనలేదు. ఆయన మొహం చూస్తే నాకే తెలిసింది.

ఇంట్లోవాళ్ళంటే చెల్లెలే. రెండు స్టాపుల అవతల ఉంటుంది. ఆపరేషన్‌కి ముందు ఒకసారి వచ్చింది. ఆ తర్వాత అంతా ఫోన్లోనే. "రేపొస్తానక్కా, ఎల్లుండి తప్పకుండా వస్తానక్కా." మాటలు కోటలు దాటుతాయి, కాలు గడప దాటదు. ఎందుకు రాదో నాకు తెలుసు. మా అమ్మ ఇదే జబ్బుతో పోయింది. నన్ను చూస్తే దానికి అమ్మ గుర్తొస్తుంది, ఆ వెంటనే తన వంతు గుర్తొస్తుంది. తెలిసినంత మాత్రాన కోపం రాకుండా ఉంటుందా? వస్తుంది.

ఈసారి మాత్రం వచ్చింది. ఇస్త్రీ బట్టలు కట్టుకుని, పెళ్ళికి బయల్దేరినట్టు వచ్చింది. దారి పొడుగునా బస్సు కిటికీలోంచి బయటికే చూసింది.

ఆసుపత్రిలో కళ్ళద్దాల డాక్టరమ్మ ఒక్కొక్కటే అడిగింది. ఇంతకుముందు ఏ మందులెక్కించారు, అవి ఆపిన ఎన్నాళ్ళకి జబ్బు తిరగబెట్టింది, కిడ్నీలు ఎలా ఉన్నాయి, గుండెజబ్బు ఉందా. అన్నిటికీ జవాబు చెప్పాను.

"ఇంతవరకూ అన్నీ సరిపోయాయి" అందామె. నాకు పరీక్ష పాసైనంత సంబరమైంది.

"ఇంట్లో మీ పనులు మీరే చేసుకుంటారా? పగలు ఎంతసేపు మంచం మీద ఉంటారు?"

నేను నోరు తెరిచేలోపే చెల్లెలు అందుకుంది. "పనా! మా అక్కని కాలు కింద పెట్టనిస్తామా డాక్టరుగారూ? పొద్దస్తమానం మంచం మీదే ఉంచుతాం. స్నానం నేనే చేయిస్తా, నోట్లో ముద్ద నేనే పెడతా. కన్నతల్లిలా చూసుకుంటున్నా."

చెబుతూ చెబుతూ కళ్ళు కూడా తుడుచుకుంది. కోతలని తెలుసు. అయినా ఆ మంచం మీది అక్కని తలుచుకుంటే నాకు అసూయ వేసింది.

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "మంచం పట్టినవాళ్ళని చేర్చుకోలేమండీ. ఈ మందు మనిషిని బాగా పీల్చేస్తుంది. పగలు సగానికి పైగా లేచి తిరుగుతూ, సొంత పనులు చేసుకునేవాళ్ళే తట్టుకోగలరు."

చెల్లెలి మొహం పాలిపోయింది. పరువు కోసం చెప్పిన మాట నా పీకకి చుట్టుకుంది. ఆ మాట వెనక్కి తీసుకునే ధైర్యం దానికి లేదు. ఇక నేనే చెప్పాలి. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. నా కడుపు డాక్టర్లు ఒకసారి చించనే చించారు, ఇంకా దాచుకునేదేముంది అనుకున్నాను.

"అదంతా ఉత్తిదే డాక్టరుగారూ. నేనొక్కదాన్నే ఉంటా. వండుకునేది నేనే, తోముకునేది నేనే. నిన్న చీకటిపడేదాకా కొట్లో కూర్చుని జిప్పులు కుట్టా." సూది గాట్లు కనబడేలా వేళ్ళు చాపాను. "మందెక్కించుకొచ్చిన రోజు కూడా వాంతులు నేనే కడుక్కున్నా. గ్లాసుడు మంచినీళ్ళు ఇచ్చే దిక్కు లేదు. పడుకుంటే లేపేవాళ్ళెవరు? అందుకే పడుకోను."

గొప్పగా చెబుదామనే మొదలుపెట్టాను. చివరికొచ్చేసరికి ఏడుపొచ్చేసింది. చెల్లెలి ముందు ఏడవకూడదని ఇన్నాళ్ళూ అనుకున్నదంతా వృథా అయింది.

డాక్టరమ్మ నన్ను వరండా చివరిదాకా నడిపించింది, మెట్లు ఎక్కించి దించింది. తిరిగొచ్చి ముందు రాసింది కొట్టేసి మళ్ళీ రాసుకుంది.

"ఇంకొక్కటి. మందెక్కించిన రాత్రులు జ్వరం రావచ్చు, మనిషి తికమకపడొచ్చు. పక్కన ఒకరుండి కనిపెట్టుకోవాలి. అలా ఎవరూ లేకపోతే చేర్చుకోం. మీకెవరున్నారు?"

పగలు ఒంటరిగా నెగ్గుకు రావాలట, రాత్రి ఒంటరిగా ఉండకూడదట. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పక్కన చెల్లెలు తల దించుకుని తన చేతిసంచి జిప్పు లాగుతోంది. జిప్పు పళ్ళు ఊడిపోయి ఎన్నాళ్ళయిందో. నా దగ్గరికి తేవాలంటే నన్ను చూడాలి కదా, తేలేదు.

ఎవరూ లేరని చెప్పబోయాను.

"నేనుంటాను" అంది చెల్లెలు. ఈసారి ముద్దలూ లేవు, కన్నతల్లీ లేదు.

డాక్టరమ్మ దాని వైపు చూడలేదు. నన్నడిగింది. "నిజమేనా?"

నాకేం తెలుసు? అవునన్నాను.

తిరుగు బస్సులో ముందు దాని స్టాపు వచ్చింది. అది లేచి నిలబడ్డాక నేనే అన్నాను, "ఆ సంచి తెచ్చివ్వవే, జిప్పు మారుస్తాను."

"వచ్చినప్పుడు తెస్తాలే అక్కా" అంటూ దిగిపోయింది. వెనక్కి తిరిగి చూస్తుందేమోనని చూశాను. చూడలేదు.

ఇంటికొచ్చి రెండో మంచం మీది సూట్‌కేసులన్నీ దించి గోడవారన పేర్చాను. దుప్పటి దులిపి పరిచాను. ఇంట్లో ఉన్నది ఒకటే దిండు. దాన్ని తీసి ఆ మంచం మీద పెట్టాను.