బావ బ్యూరెట్‌లో గాలిబుడగ

ఉద్యోగం వచ్చిందన్న కబురు వింటే ఎవడైనా ఎగిరి గంతేస్తాడు. చిన్నోడు మాత్రం ఫోను చెవికి ఆనించుకుని తేలు కుట్టిన దొంగలా గోడకేసి చూస్తూ నిలబడ్డాడు. సబ్బుల కంపెనీ ల్యాబ్‌లో కెమిస్టు ఉద్యోగం. చదువు అయిపోయిన దగ్గర్నుంచీ చెప్పులరిగేలా తిరిగి, వెళ్ళిన ప్రతిచోటా అనుభవం లేదనిపించుకుని, చివరికి ఇవాళ దొరికింది. అవతలి అమ్మాయి సోమవారం వచ్చి చేరమంటోంది. వంటింట్లోంచి అక్క చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఎవరికొచ్చిందిరా? మీ బావకా, నీకా?"

అదీ అసలు చిక్కు. ఉన్న ఒక్క ఉద్యోగానికీ బావా బావమరదులిద్దరూ వెళ్ళారు.

నిజానికి వెళ్ళాల్సింది బావ ఒక్కడే. రంగుల ఫ్యాక్టరీలో పదిహేనేళ్ళు కెమిస్టుగా చేసినవాడు, అది మూతపడితే ఇంట్లో కూర్చోవలసి వచ్చింది. కూర్చున్నాడంటే కాళ్ళు బార్లా చాపుకుని కాదు. రోజూ గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, కనిపించిన కంపెనీ గేటల్లా తట్టి వచ్చేవాడు. సబ్బుల కంపెనీలో ఖాళీ ఉందని పసిగట్టింది ఆయనే. పరీక్ష ఎలా ఉంటుందో నీకూ తెలుస్తుంది రమ్మని చిన్నోణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళిందీ ఆయనే. చదువుకునే రోజుల నుంచీ చిన్నోడి మకాం అక్క ఇంట్లోనే. కాలేజీలో ల్యాబ్ పరీక్షలు దగ్గర పడినప్పుడల్లా బావ వాణ్ణి బాత్రూమ్ కుళాయి ముందు కూర్చోబెట్టి, చుక్క తర్వాత చుక్క వదలడం సాధన చేయించేవాడు. ట్యాంకు ఖాళీ చేస్తున్నారని అక్క ఇద్దర్నీ కలిపి చీవాట్లు పెట్టేది.

రాత పరీక్షలో మిగతావాళ్ళందరూ పోయి చివరికి వీళ్ళిద్దరే మిగిలారు. తెల్ల పలకలు పరిచిన పొడుగాటి బల్ల మీద ఇద్దరికీ పక్కపక్కనే సామాను పెట్టారు. ల్యాబ్ పెద్దసారు కళ్ళజోడు నెత్తి మీదికి తోసుకుని తిరిగే మనిషి, బావకంటే బాగా చిన్నవాడు. ఫ్లాస్కులో ఉన్న ఆమ్లం ఎంత గాఢంగా ఉందో తేల్చి చెప్పాలన్నాడు. నోరు విప్పినవాడు నేరుగా ఇంటికేనని కూడా అన్నాడు.

బ్యూరెట్ అంటే గీతలున్న పొడుగాటి గాజు గొట్టం. కింద చిన్న కుళాయి, దాని కింద సన్నటి ముక్కు. అందులోంచి ద్రావణాన్ని చుక్కచుక్కగా ఫ్లాస్కులోకి వదిలి, ఎంత పట్టిందో గీతల మీద చూసి లెక్క కడతారు. గొట్టం నింపేటప్పుడు ఆ ముక్కులో గాలిబుడగ చిక్కుకుందా, లెక్క గోవిందా! మధ్యలో ఆ బుడగ బయటికి పోతే, దాని చోట్లో నిండిన ద్రావణం కూడా వాడేసినట్టే లెక్కకెక్కుతుంది. కొత్తగా చేతికి బ్యూరెట్ ఇచ్చే ఏ మాస్టారైనా మొట్టమొదట చెప్పేది ఇదే.

బావ బ్యూరెట్ ముక్కులో మినపగింజంత బుడగ ఉంది. చిన్నోడు కళ్ళారా చూశాడు. బావ అప్పుడే కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటున్నాడు. మాట్లాడితే ఇంటికి పంపిస్తారు కదా అనుకున్నాడు చిన్నోడు. రూలట, రూలు! ఒక్కసారి దగ్గితే ఏ రూలు అడ్డొచ్చింది? వేలు కాస్త అటు చూపిస్తే ఎవడు పట్టుకుంటాడు? ఆ సంగతి వాడికీ తెలుసు. ఉద్యోగం ఒక్కటే ఉందన్న సంగతి అంతకంటే బాగా తెలుసు. దగ్గబోయినవాడు అలాగే ఆపుకుని, తల తన ఫ్లాస్కు వైపు తిప్పేసుకున్నాడు. పని అయ్యేదాకా మళ్ళీ బావ వైపు చూడలేదు.

"నాకే అక్కా," అన్నాడు ఫోను పెట్టేసి.

అక్క మొహం వెలిగినట్టే వెలిగి మళ్ళీ పడిపోయింది. లోపల్నుంచి బావ వచ్చి వాణ్ణి గట్టిగా వాటేసుకున్నాడు. పక్కవాటావాళ్ళకి చెప్పాడు, కింద దుకాణంవాడికి చెప్పాడు, మెట్ల మీద ఎదురైన ముక్కూ మొహం తెలియని మనిషికి కూడా చెప్పాడు. నేను నేర్పినవాడే నన్ను ఓడించాడని ఒకటే మురిసిపోవడం. ఆయన మురిసినప్పుడల్లా చిన్నోడికి ఒంటి మీద తేళ్ళూ జెర్రులూ పాకినట్టుండేది. ఆదివారం సాయంత్రం బావ కూర్చుని వాడి బూట్లు పాలిష్ చేస్తుంటే ఇక చూడలేక వీధిలోకి పోయాడు.

ఉద్యోగంలో చేరాడు. అక్క కట్టిచ్చిన క్యారేజీ సగం తిని మూత పెట్టేసేవాడు. పాపం అని జాలిపడాలంటే నాకు మనసు రావడం లేదు. చేతులారా చేసుకున్నాడు, పడనీ.

అసలు దెబ్బ తరవాత తగిలింది. బావ గడ్డం గీసుకోవడం మానేశాడు. నీళ్ళ శుద్ధి కేంద్రం వాళ్ళు కెమిస్టు ఉద్యోగానికి గురువారం రమ్మని కబురు పెడితే వెళ్ళనన్నాడు. స్నేహితుడి ఇనుప సామాన్ల దుకాణంలో మేకులు తూచడానికి ఒప్పుకున్నాడట. అక్క ఊరుకుంటుందా? పదిహేనేళ్ళ పని వదిలేసి మేకులు తూస్తారా అని అడిగింది.

"నా చెయ్యి పోయిందే," అన్నాడు బావ నెమ్మదిగా. "లెక్క తప్పింది కాబట్టేగా వాణ్ణి తీసుకున్నారు. ఇంకో చోటికి వెళ్ళి మళ్ళీ నవ్వులపాలవడం దేనికి?"

అక్క వంటింట్లోకి వెళ్ళి కుళాయి ధారగా వదిలింది, ఏడుపు బయటికి వినపడకుండా. చిన్నోడు గుమ్మంలో నిలబడి విన్నాడు. ఆయన చెయ్యి పోలేదని తెలిసినవాడు ఈ ఇంట్లో తనొక్కడే. ఆ ముక్క చెప్పాలంటే ఏ మొహం పెట్టుకుని చెప్పాలి?

మర్నాడు ధైర్యం కూడగట్టుకుని ల్యాబ్ పెద్దసారు గదిలోకి వెళ్ళాడు. బావకి ఇంకొక్కసారి పరీక్ష పెట్టమని, లెక్క తప్పడానికి వేరే కారణం ఉందని నసిగాడు. పెద్దసారు కళ్ళజోడు నెత్తి మీంచి కిందికి దించాడు.

"మీ బావ లెక్క తప్పిందని నీకెవరు చెప్పారు? ఆయనది అచ్చంగా సరిపోయింది. నీదే కాస్త ఎక్కువొచ్చింది."

మరైతే, అని ఆగాడు చిన్నోడు.

"మరైతే ఏంటయ్యా? అంత అనుభవం ఉన్న మనిషిని నా కింద ఎలా పెట్టుకోను? నేనొకటి చెబితే ఆయన పది చెబుతాడు. నువ్వైతే చెప్పింది వింటావు." అలా అని నవ్వి, కాఫీ తాగడానికి లేచి వెళ్ళిపోయాడు.

ఇంటికి వచ్చే దారిలో చిన్నోడు సంతోషపడదామని చూశాడు. బుడగ వల్ల ఎవరికీ నష్టం జరగలేదు, బావ ఓడిపోనే లేదు. ఇంకేం, గుండె మీద బరువు దిగిపోవాలి కదా. దిగితేనా! బావ ఓడిపోతే చాలునని నోరు నొక్కుకున్న మనిషి ఇప్పుడు తనలో స్పష్టంగా కనపడుతున్నాడు, రూలు చాటున దాక్కోవడానికి కూడా వీల్లేకుండా. కానీ బావని మేకుల కొట్టుకి పోనివ్వకూడదు. లెక్క సరిపోయిందని ఒక్క మాట చెప్పి ఊరుకుందాం, మిగతాది కడుపులోనే ఉంచుకుందాం అనుకున్నాడు.

బావ బాల్కనీలో ఆరిన బట్టలు తీసి మడతపెడుతున్నాడు.

"బావా, నీ లెక్క తప్పలేదు. అచ్చంగా సరిపోయిందట. పెద్దసారే చెప్పాడు."

బావ చేతులు ఆగిపోయాయి. ఇంకోసారి చెప్పమన్నాడు. చిన్నోడు చెప్పాడు. పెద్దసారు ఎందుకు తీసుకోలేదో కూడా చెప్పాడు. అది విని బావ నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వీ నవ్వీ కళ్ళవెంట నీళ్ళొస్తే చేతిలో ఉన్న తువ్వాలుతో తుడుచుకున్నాడు. నేనంటే భయమా వాడికి అని మళ్ళీ నవ్వాడు. గడ్డం తడుముకుని, రేపు గీసుకోవాలి, గురువారం వెళ్ళాలి అన్నాడు. ఇన్నాళ్ళకి ఆ మొహంలో కళ వచ్చింది. అంతలో ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు.

"అవునూ, నా లెక్క సంగతి నువ్వెందుకు అడిగావురా?"

ఊరికే అడిగానని చెబితే సరిపోయేది. ఆ మాట నాలుక చివరికి వచ్చింది కూడా. కానీ బావ ఇంకా నవ్వు ఆరని మొహంతో వాడి కళ్ళలోకే చూస్తున్నాడు. ఆ మొహం మీద ఇంకో అబద్ధం వెయ్యడం చిన్నోడి వల్ల కాలేదు.

"నీ బ్యూరెట్ ముక్కులో బుడగ చూశాను బావా. చెప్పలేదు."

"మాట్లాడకూడదన్నారుగా. రూలు కదా," అన్నాడు బావ. దారి చూపిస్తున్నట్టే అన్నాడు.

"రూలు కాదు. ఉద్యోగం నాకు రావాలని."

కింద వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చేయలేక తంటాలు పడుతున్నారు. బావ చేతిలో ఉన్న చొక్కా చిన్నోడిదే. దాన్ని మడతపెట్టాడు. మడత సరిగ్గా రాలేదేమో విప్పి, మళ్ళీ పెట్టాడు.

"ఆ బుడగ నేనూ చూశాను. కళ్ళజోడు పెట్టుకోగానే కనపడింది. దాన్ని బయటికి తోలేసి మళ్ళీ నింపాను. పక్కనే ఉన్నావు, చూడలేదా?"

"లేదు బావా. తల తిప్పేసుకున్నాను."

బావ ఇంకో చొక్కా అందుకుని మడతపెట్టాడు. తిట్టినా బాగుండునని చిన్నోడికి అనిపించింది. లోపల్నుంచి అక్క అడుగుల చప్పుడు దగ్గరికి వస్తుంటే, బావ గొంతు తగ్గించి, వాడికేసి చూడకుండా చెప్పాడు.

"మీ అక్కకి చెప్పకు. అది తట్టుకోలేదు."

ఏమిటి మీ గుసగుసలని అక్క గుమ్మంలోకి రాగానే, బావ గొంతు పెంచి, తన లెక్క తప్పలేదనీ, తమ్ముడే వెళ్ళి అడిగి కనుక్కొచ్చాడనీ, గురువారం నీళ్ళ కేంద్రానికి వెళ్తున్నాననీ చెప్పాడు. అక్క తడి చేతులతోనే తమ్ముడి రెండు బుగ్గలూ పట్టుకుంది.

"నా బంగారు తండ్రివిరా! ఆయన కోసం నువ్వు కాకపోతే ఇంకెవరడుగుతారు?"

చిన్నోడు ఆమె భుజం మీదుగా బావ వైపు చూశాడు. బావ మడతపెట్టిన బట్టలన్నీ, వాడి చొక్కాతో సహా, ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోతున్నాడు. అక్క వాణ్ణి కుర్చీలో కూలేసి, ఎలా అడిగావో, ఆయన ఏమన్నాడో మొదట్నించీ చెప్పమంది. చిన్నోడు మొదట్నించీ చెప్పాడు, ఆ ఒక్కటీ తప్ప. అక్క మధ్యమధ్యలో కళ్ళు తుడుచుకుంటూ విని, అయిపోయాక మళ్ళీ చెప్పమంది.