మగ్రిబ్ రాని చోటు

మా అత్త కుబ్రా బేగం ఎవర్నీ నమ్మదు. షార్జా చేపల మార్కెట్లో వంజరం కొనాలంటే మొప్పలెత్తి చూస్తుంది, వాసన చూస్తుంది, పక్క దుకాణం వాణ్ణి పిలిచి సాక్ష్యం అడుగుతుంది. ఇంత చేసీ ఇంటికొచ్చాక "మోసపోయినామేమో మే" అంటుంది. టీలో చక్కెర వేశానత్తా అని చెప్పినా చెంచాతో అడుగు కలిపి చూసుకునే మనిషి. అలాంటావిడ మధ్యాహ్నం పూట నాకు చెప్పకుండా బయటికి వెళ్ళడం మొదలుపెడితే నాకు అనుమానం రాదా? పదేళ్ళు ఆ ఇంట్లో కాపురం చేశాక నాకూ ఆ జబ్బు అంటుకుంది.

ఎక్కడికత్తా అంటే ఒకరోజు దారం కోసమంది, ఇంకోరోజు జిప్పుల కోసమంది. అల్ నహ్దాలో మా బిల్డింగు కిందే దారాలూ జిప్పులూ దొరుకుతాయి. ఇరవై ఏళ్ళపాటు బురఖాల్లాంటి అబాయాలు కుట్టి సొంత దుకాణం నడిపిన మనిషికి ఆ సంగతి తెలియదా? తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు. నేను పనిచేసే పళ్ళ క్లినిక్కులో ఒక పూట సెలవు పెట్టి ఆవిడ వెనకే నడిచాను.

రెండు వీధుల అవతల ఒక ట్రావెల్స్ దుకాణంలోకి వెళ్ళింది. దాన్ని నడిపే రాజమౌళి కరీంనగర్ మనిషి, మా టికెట్లన్నీ అతనే చేస్తాడు. నేను తలుపు తోయగానే లేచి నిలబడ్డాడు.

"రా అక్కా, మంచిగొచ్చినవ్. మీ అత్తమ్మకు నువ్వన్న జెర సమ్జాయించు. వారం సంది నా దిమాక్ ఖరాబ్ చేస్తుంది."

అత్త మొహంలో తేలు కుట్టిన దొంగ వాలకమేమీ లేదు. కుర్చీ జరిపి నన్ను కూర్చోమంది.

"ఓడలో తిరగాలంటది," రాజమౌళి చెప్పాడు. "చలికాలమే కదా, దుబాయ్ల ఎక్కుండ్రి, అబూధాబీ, దోహా తిరిగి మళ్ళ దుబాయ్లనే దిగుండ్రి అన్న. తిన్నోళ్ళకు తిన్నంత, రాత్రైతే పాటలు, ఆటలు. ఇంకేం గావాలె?"

"సూర్యుడు మునుగుతాడా?" అంది అత్త.

"ఇగో, గిదే సవాల్! మునగక ఏం జేస్తడమ్మా?"

"అయితే వద్దు."

దక్షిణ ధ్రువం ఓడలు చూపించాడు. మంచు కొండలు, పెంగ్విన్లు, జీవితంలో ఒక్కసారి చూడాల్సిందేనన్నాడు. అక్కడ సూర్యుడు మునుగుతాడా అని మళ్ళీ అదే ప్రశ్న. అతను ఓడ కంపెనీ వాళ్ళకు ఫోన్ చేసి అడిగాడు. ఎక్కువ ఓడలు బాగా లోపలికి పోకుండానే వెనక్కి తిరుగుతాయట, ఎండాకాలంలోనూ సూర్యుడు కొంచెంసేపు కిందికి దిగుతాడట.

"కొంచెం మునిగినా మునిగినట్టే," అంది అత్త.

చివరికి అతను ఉత్తరానికి తిరిగాడు. నార్వేకు పైన స్వాల్‌బార్డ్ దీవులు. జూన్‌లో వెళితే సూర్యుడు అసలు అస్తమించడు. వందమంది పట్టే చిన్న ఓడ, పాటల్లేవు, డాన్సుల్లేవు, ఉన్నదంతా మంచూ ఎలుగుబంట్లూ.

"ఒట్టేనా?"

"ఒట్టమ్మా."

"కాగితం మీద రాసిస్తావా?"

రాజమౌళి నా వైపు చూశాడు. నేను గోడ మీది క్యాలెండర్ చూశాను.

సాయంత్రం ఇంట్లో పంచాయతీ పెట్టాను. మా ఆయన ఇర్షాద్ జెబెల్ అలీ గోదాము నుంచి వచ్చి బూట్లయినా విప్పలేదు. "మీ అమ్మ మంచు సముద్రానికి పోతుందంట. ఎవరున్నారో అడుగు అక్కడ," అన్నాను. నా నోరు మంచిది కాదు, ఒప్పుకుంటాను.

అత్తకు కోపం రాలేదు. "ఎవరుండారు? మీ మామే ఉండాడు అక్కడ," అంది. "ఆ మనిషి చెప్పింది అబద్ధమని నేను కళ్ళతో చూసి తేల్చుకోవాల. పానం పొయ్యేలోపల తేల్చుకోవాల."

మా మామ పీరా ఓడల్లో వంటవాడు. నేను కాపురానికి వచ్చేనాటికి ఓడలు మానేసి కూలీల క్యాంపు మెస్సులో వండేవాడు. కరోనాలో పోయాడు. అత్తకూ ఆయనకూ మధ్య ఏదో ఉందని నాకు తెలుసు. అన్నం పెట్టేది, బట్టలు ఉతికేది, కానీ ఆయన నోరు తెరిస్తే లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది. ఎందుకో ఆ సాయంత్రమే మొత్తం చెప్పింది.

ఇర్షాద్‌కు ఒక తమ్ముడుండేవాడు, కాలేషా. అప్పటికి వీళ్ళు నెల్లూరులో ఉన్నారు. మామ ఏ సముద్రంలో ఉన్నా శుక్రవారం నమాజు అయ్యాక వీధి చివర ఫోన్ బూత్‌కు ఫోన్ చేసేవాడు. పిల్లవాడికి జ్వరం ముదిరింది, మద్రాసు తీసుకెళ్ళమని డాక్టరు చెప్పాడు. అత్త శుక్రవారం ఫోన్ కోసం చూసింది. ఫోన్ రాలేదు. పిల్లవాడు పోయాడు. కంపెనీకి కబురు పెట్టినా మామ, పోయినవాళ్ళకు నలభయ్యో రోజు చదివించే ఫాతెహా కూడా అయిపోయాక వచ్చాడు. ఓడ ఉత్తరాన మంచులో ఉందన్నాడు, అక్కడ ఫోన్ దొరకదన్నాడు.

"అంతటితో ఆగినాడా? అక్కడ పొద్దే మునగదంట. పొద్దు మునిగినాక చేసే మగ్రిబ్ నమాజుకు టైమే రాదంట. మంచుముక్కలు నీళ్ళల్లో తిరగమాతలో ఆవాలు మాదిరి చిటపటలాడతాయంట. పిల్లోడు పోయిన ఇంటికొచ్చి నాకు కతలు చెప్తాడా? మంచు చిటపటలాడేది ఏ తల్లి కన్న బిడ్డయినా చూసినాడా? ఆ రోజుల్లో షార్జా రోలా బజార్లో ఆ మనిషిని చూసినానని మా వీధి అంజిబాబు చెప్పినాడు. ఇంకొక కాపురం ఉండాది ఆ మనిషికి. నిప్పు లేందే పొగొస్తాదా?"

ఫోన్‌లో చూపిస్తానత్తా, అక్కడ నిజంగానే పొద్దు మునగదు అన్నాను. "ఫోన్లో చచ్చినోళ్ళ చేత కూడా మాట్లాడిస్తా ఉండారు. నాకు చూపించబాక," అంది.

ఇర్షాద్ అప్పుడు బూట్లు విప్పి పక్కన పెట్టాడు. అతనూ ఈ మాటలు వింటూ పెరిగినవాడే. తండ్రితో ఎప్పుడూ అవసరానికి మించి మాట్లాడలేదు. ఆఖర్న ఆస్పత్రి నర్సు మామకు వీడియో కాల్ కలిపితే ఊ, ఊ అని పెట్టేశాడు. ఆ వేళ పక్కనే ఉన్నదాన్ని, నాకు ఒళ్ళు మండింది, కానీ అది వాళ్ళ సంగతి అని ఊరుకున్నాను.

"పోనీలే నాజియా. తేల్చుకోనీ," అన్నాడు. "నువ్వు తోడు పో. దారిలో ఎవుడన్నా మోసం చేస్తాడు."

డబ్బు అత్తది, భయం మాది. జూన్‌లో దుబాయ్ నుంచి ఓస్లో, అక్కణ్ణుంచి ఆ దీవి, అక్కడ ఓడ. అత్త ఒక పెట్టెనిండా రొట్టెలు, ఎండురొయ్యల పొడి, నిమ్మకాయ ఊరగాయ తెచ్చుకుంది. ఓడలో మాకు వడ్డించే ఫిలిప్పీన్స్ అబ్బాయి ఇది చేపే, మాంసం లేదు, వైన్ పోయలేదు అని గుండె మీద చెయ్యి పెట్టుకుని చెప్పినా సగం చేపే తినేది. సగం దేనికి వదిలావత్తా అంటే "సగం నమ్మినా" అంది.

నేను మాత్రం, నిజం చెబుతున్నాను, సంతోషపడ్డాను. ఇంత వెలుగు, ఇంత నిశ్శబ్దం నేనెప్పుడూ ఎరగను. పెద్ద ఓడలైతే జనం సంతలాగా ఉంటారట, ఇక్కడ రెండోరోజుకే అందరి పేర్లూ వచ్చేశాయి. మోకాళ్ళ దాకా బూట్లు, ఎర్ర కోట్లు వేసుకుని రబ్బరు పడవల్లో ఒడ్డుకు పోయేవాళ్ళం. ఎలుగుబంటి వస్తుందేమోనని తుపాకీ పట్టుకున్న గైడ్లు ముందు నడిచేవాళ్ళు. కోరలున్న వాల్రస్‌లు ఒకదాని మీద ఒకటి పడి, శుక్రవారం బిర్యానీ తిన్న మగవాళ్ళలా దొర్లుతుంటే పొట్ట పట్టుకుని నవ్వాను. అత్త కూడా నవ్వబోయి ఆపుకుంది.

ఆవిడ పని వేరే. మొదటి రోజే పైడెక్కు మీద కుర్చీ వేసుకుని సూర్యుడికి కాపలా కూర్చుంది. సూర్యుడు కిందికి వంగాడు, సముద్రానికి కాస్త పైన పక్కకు జరిగాడు, మళ్ళీ పైకి లేచాడు. మునగలేదు. పొద్దున కాఫీ తీసుకెళ్ళి "చూశావా అత్తా?" అన్నాను.

"చూసినా," అంది. మొహం గట్టిగా పెట్టింది. "ఇది ఎవుడన్నా చెప్తాడు. పేపర్లో చదివుంటాడు. ఓడల్లో తిరిగే వాళ్ళు పదిమంది చెప్పుకుంటా ఉంటారు. అక్కడుండి చూసినాడని రుజువేంది?"

ఇంత దూరం వచ్చి రుజువు కళ్ళముందు నిలబడినా ఒప్పుకోదే, ఎవరి కోసం ఈ పంతం అని నాకు విసుగొచ్చింది. తిరిగి వెళ్ళిపోతే బాగుండుననిపించింది.

మర్నాడు మమ్మల్ని ఒక హిమానీనదం ముందుకు తీసుకెళ్ళారు. నీలంగా, పది అంతస్తుల ఎత్తున మంచు గోడ. చుట్టూ నీళ్ళ మీద మంచుముక్కలు తేలుతున్నాయి. మా పడవ నడిపే నార్వే అమ్మాయి ఇంజను ఆపేసి, ఎవరూ మాట్లాడొద్దు, వినండి అంది.

మొదట నాకేమీ వినపడలేదు. తర్వాత ఎవరో వంట చేస్తున్నారనుకున్నాను. నిజంగానే అలా అనుకున్నాను. కాగిన నూనెలో ఆవాలు వేస్తే ఎలా ఉంటుందో అలా, చిటపట, చిటపట, నాలుగు వైపులా. వేల ఏళ్ళ కిందట మంచులో ఇరుక్కున్న గాలి, ముక్క కరుగుతుంటే పగిలి బయటికి వస్తుందని ఆ అమ్మాయి చెప్పింది. ఇలా దగ్గరికి వచ్చి ఇంజను ఆపితేనే వినపడుతుందట.

నేను అత్త వైపు చూశాను. ఉన్నిటోపీ, దాని కింద కట్టుకున్న చున్నీ పక్కకు లాగి చెవి బయట పెట్టుకుని ఉంది. ఆ చలికి చెవి ఎర్రబడిపోయింది. చెయ్యి చాపింది. గైడు ఒక ముక్క నీళ్ళలోంచి తీసి ఇచ్చింది. దాన్ని చెవికి ఆనించుకుని ఓడ దాకా అలాగే కూర్చుంది. నీళ్ళు మెడలోకి కారుతున్నా తుడుచుకోలేదు.

గదిలోకి వచ్చాక నేనే తొందరపడ్డాను. "మామ అబద్ధమాడలేదత్తా! ఇక్కడికి వచ్చాడు, విన్నాడు. ఏ ఇంకో కాపురమూ లేదు. సంతోషమే కదా?"

అత్త నన్ను చూసిన చూపు నేను మర్చిపోలేను.

"ఏం సంతోషం మే? ఆ మనిషి షార్జాలో కులుకుతా ఫోన్ చెయ్యలేదనుకునే కదా నేను ఇన్నేళ్ళు బతికింది? ఫోన్ రాని చోట ఉండే మనిషి ఫోన్ కోసం నేను పిల్లోణ్ణి ఒళ్ళో పెట్టుకోని కూచున్నా. డాక్టరు మద్రాసు పొమ్మన్నాడు. బస్సు మా ఇంటి ముందరే ఆగేది. ఆయన్ని అడక్కుండా ఊరు దాటకూడదని కూచున్నా. ఇప్పుడు చెప్పు, తప్పు ఎవురిదయింది?"

చిన్నవయసు, ఒంటరిదానివి, నీకేం తెలుసు, అప్పటికే ఆలస్యమైందేమో అని నోటికొచ్చిందల్లా అన్నాను. ఆవిడ వినలేదు. నాకు మామ గుర్తొచ్చాడు. పళ్ళెం ముందు కూర్చుని, చెప్పబోయిన మాట మింగి, తల వంచుకుని తినేవాడు. పాపం మనిషి.

"ఇర్షాద్‌కు ఫోన్ కలుపు," అంది అత్త.

ఓడలో ఇంటర్నెట్ ఉంది, ఒకసారి అందితే ఒకసారి అందదు. నేను భయపడ్డాను. "ఇంటికెళ్ళాక చెప్పొచ్చులే అత్తా. ఎదురుగా కూర్చోబెట్టుకుని నెమ్మదిగా చెబుదువు."

"ఇంటికి పొయ్యేలోపల మాట మారుస్తా. నా సంగతి నాకు తెలుసు. కలుపు."

కలిపాను. ఇర్షాద్ గోదాములో ఉన్నాడు, వెనక ఫోర్క్‌లిఫ్ట్ హారన్ వినిపిస్తోంది. అత్త ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుంది.

"నాయనా, మీ నాయన అబద్ధం చెప్పలేదు. ఆయన చెప్పిందంతా ఉండాది ఇక్కడ. నేనే నీకు చిన్నప్పటినుంచి తప్పు నేర్పించినా. కాలేషాను మద్రాసు తీసుకపోకుండా కూచునింది నేను. ఆయన కాదు."

లైను పోయిందనుకుని నేను చెయ్యి చాపాను. అప్పుడు ఇర్షాద్ గొంతు వచ్చింది.

"అమ్మా, అక్కడ చలి శానా ఉండాదా?"

"ఉండాది నాయనా."

"నాయన ఎప్పుడన్నా చెప్పినాడా, చలి గురించి?"

"చెప్పబోయినాడు. నేనే మాట్లాడనియ్యలేదు."

ఇర్షాద్ ఏడుస్తున్నాడు. పదేళ్ళ కాపురంలో ఆ ఏడుపు నేను వినడం అదే మొదలు. మామ పోయిన రోజున కూడా ఏడవలేదు. అత్త ఫోన్‌ను బుగ్గకు గట్టిగా ఒత్తుకుంది.

"ఏడువు నాయనా, ఏడువు. నన్ను తిట్టుకో," అంది. "ఆయన్ని మాత్రం ఇంక ఏమీ అనబాక."