రెండు పొయ్యిల ఇల్లు

వీధులూడ్చే కోడలికి మేస్త్రీ ఉద్యోగం వచ్చిందన్న కబురు షెడ్డులో అందరికంటే ముందు రేడియోకి తెలిసింది. అందరూ రేడియో అనే ఆవిడ అసలు పేరు హాజరు పిలిచేటప్పుడు తప్ప ఎవరికీ గుర్తుండదు. కాసేపు నోరు మూసుకుంటే ఊపిరాడని మనిషి. చీపురు భుజాన వేసుకుని పరుగున వచ్చి, చెత్తబండి చక్రానికి నూనె పెడుతున్న అత్త ముందు చతికిలబడింది.

"ఇంకేం, ఇకమీద నీ కోడలు పిలిస్తే నువ్వు 'వచ్చానమ్మా' అనాలి. లోకంలో ఏ అత్తకీ పట్టని యోగం!"

అత్త నవ్వింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

"ఏ షెడ్డుకి వేశారు?"

"మనకే. అందుకేగా పరిగెత్తుకొచ్చాను. మరి నిన్నిక్కడ ఉండనిస్తారా?"

పురపాలక సంఘంలో ఒక నిబంధన ఉంది. పై ఉద్యోగి కింద సొంత కుటుంబంలోని మనిషి పనిచెయ్యకూడదు. హాజరు వేసేదీ, వీధులు పంచేదీ, తప్పు చేస్తే పైకి రాసేదీ మేస్త్రీయే కనుక తనవాళ్ళ వైపు మొగ్గుతారని అనుమానం. నిబంధన చెడ్డదేమీ కాదు. ఇదివరకటి మేస్త్రీ తన బావమరిదికి ఏడాది పొడుగునా నీడపట్టు వీధులే ఇచ్చినప్పుడు, ఆఫీసు ముందు నిలబడి అందరికంటే పెద్దగా అరిచింది అత్తే. అప్పుడు అరిచిన నోటితో ఇప్పుడేమని అడుగుతుంది?

కుటుంబమంటే ఎవరో కూడా అందులోనే రాసి ఉంది. రక్తసంబంధం ఉన్నవాళ్ళు, పెళ్ళి సంబంధం ఉన్నవాళ్ళు, ఆ రెండూ లేకపోయినా ఒకే పొయ్యి మీద వండుకుని తినేవాళ్ళు. అలా తేలితే ఇద్దరిలో కింది ఉద్యోగిని వేరేచోటికి మార్చాలి. ఖాళీ ఉన్నదేమో ఒక్కచోటే, కొండ అవతలి చెత్త యార్డులో. అక్కడ తెల్లవారకముందే పని మొదలవుతుంది. ఆ వేళకి బస్సుండదు. గది ఇస్తారు, అక్కడే పడుకోవాలి.

అత్తకి పెళ్ళి సంబంధం గురించి బెంగ లేదు. అది ఎప్పుడో తెగింది. ఆమె కొడుకు విడాకులు తీసుకుని వేరే ఊళ్ళో వేరే కాపురం పెట్టాడు. కోర్టు లెక్కలో ఆమె అత్తా కాదు, ఈమె కోడలూ కాదు. కోడలు పుట్టింటికి ఎప్పుడు పోతుందా అని వీధి వీధంతా కాచుకుని కూర్చుంది. ఆమె పోలేదు. "నన్నొదిలింది ఆయన. నేను నిన్నొదల్లేదుగా," అని ఒక్కమాట చెప్పి, బియ్యం కడిగి ఎసట్లో పోసింది. ఆ మాట మీదే ఆ ఇల్లు నిలబడి ఉంది.

నిలబడి ఉందని అత్తకి పూర్తిగా నమ్మకం లేదు. మనిషి ఒక్కసారిగా వెళ్ళిపోడని ఆమె కొడుకు దగ్గర నేర్చుకుంది. ముందు బయట తిని రావడం మొదలుపెట్టాడు. తరవాత మంచి చొక్కాలు స్నేహితుడింట్లో ఉంచాడు. చివరికి వెళ్ళిననాడు ఇంట్లోంచి తీసుకెళ్ళడానికి వాడికేమీ మిగల్లేదు. వట్టి చేతులు ఊపుకుంటూ వెళ్ళాడు. అందుకని కోడలు ఏ పూటైనా "ఆకలి లేదత్తా" అంటే చాలు, అత్తకి నిద్ర పట్టదు.

"పొయ్యి ఒక్కటేగా అడ్డం?" అంది రేడియో. "రెండు పెట్టుకోండి. ముందు గది ఆమెది, వెనక గది నీది. ఆఫీసునుంచి చూడ్డానికొచ్చినవాళ్ళకి చూపించండి. ఆ తరవాత మీ గిన్నెల్లోకి ఎవరు తొంగి చూస్తారు?"

"నువ్వు చూడవూ?"

"చూస్తాను. చెప్పనంతే."

పక్కనున్న ఆడవాళ్ళు ఫక్కుమన్నారు. రేడియో చెప్పకపోవడమంటే వాన పైకి కురవడమే.

సాయంత్రం కోడలితో ఈ సంగతి చెప్పేటప్పుడు, ఆమె ఒప్పుకోదని అత్త లోలోపల ఆశపడింది. కోడలు తల దువ్వుకుంటూ విని, "మంచి ఆలోచనే. రేపే చిన్న పొయ్యి తెస్తా," అంది. ఎంత తొందరగా ఒప్పుకుంది!

పొయ్యి వచ్చింది. గిన్నెలు వేరయ్యాయి. ఉప్పు రెండు సీసాల్లోకి వెళ్ళింది. నూనె వంచుతుంటే కోడలు, "నీ దాంట్లో ఇంకాస్త పోసుకో," అంటుంది. "నాకెందుకే, ముసలిదాన్ని," అని అత్త వెనక్కి వంచుతుంది. పంపకాల్లో కొట్టుకున్న ఇళ్ళు చాలా ఉంటాయి గానీ, ఎదుటివాళ్ళకే ఎక్కువ రావాలని కొట్టుకున్న ఇల్లు అదొక్కటే కాబోలు.

అలవాటు కావాలని ఆ రాత్రే విడివిడిగా వండుకున్నారు. నడిమి తలుపు దగ్గరగా వేసి ఉంది. అవతల గరిట చప్పుడు వినబడుతోంది. కోడలు ఏదో కూనిరాగం తీస్తోంది. విడిగా వండుకుంటూ అంత హాయిగా ఉందా? అత్త కంచం ముందు పెట్టుకుని ఆ రాగం ఆగేదాకా వింటూ కూర్చుంది.

"అత్తా, తిన్నావా?" అవతలి నుంచి కేక.

"తిన్నానే," అని అబద్ధమాడింది.

చూడ్డానికి ఉద్యోగుల విభాగం సూపరింటెండెంటమ్మే స్వయంగా వచ్చింది, వెంట ఒక పొడుగాటి గుమస్తాతో. కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చి రెండు పొయ్యిలూ చూసింది. మసి చూసింది. రెండు ఉప్పు సీసాలు చూసి కొంచెం నవ్వినట్టే కనిపించింది.

"ఎవరి వంట వాళ్ళదేనా?"

"అంతేనండీ," అంది కోడలు.

"అంతేనమ్మా," అంది అత్త. ఆ మాట సగమే బయటికొచ్చింది.

అంతా ఒడ్డెక్కేదే. గుమస్తా వెనక్కి అడుగేసి, నడిమి తలుపు పక్కనున్న బియ్యం డబ్బాని తన్నేశాడు. డబ్బా దొర్లింది. బియ్యం ఈ గదిలోకీ ఆ గదిలోకీ జలజలా పరుచుకున్నాయి.

వీధిలో పని ఎలా చేస్తారో ఆడవాళ్ళిద్దరూ అలాగే చేశారు. జంటలో ఒకరు ఆ పక్కనుంచి, ఒకరు ఈ పక్కనుంచి ఊడ్చుకొస్తూ నడిమధ్యన ఒకే కుప్ప చెయ్యడం వాళ్ళ పద్ధతి. ఇద్దరూ వంగి, చేతులతో చెరో గదిలోంచి గింజలు తోసుకొచ్చి గడప దగ్గర కుప్ప పోశారు. ఒకరికొకరు ఏమీ చెప్పుకోలేదు. చెప్పుకోవలసిన పనిలేదు.

సూపరింటెండెంటమ్మ ఆ కుప్పని చూస్తూ, "ఎవరివి ఈ బియ్యం?" అంది.

"కోడలివి," అంది అత్త.

"అత్తవి," అంది కోడలు.

రెండు మాటలూ ఒక్కసారే వచ్చాయి. గుమస్తా నవ్వాపుకోవడానికి దగ్గాడు. ఉప్పు పంచుకున్నారు, నూనె పంచుకున్నారు. ఆ డబ్బా సంగతి ఇద్దరికీ తట్టలేదు.

సూపరింటెండెంటమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. కోప్పడలేదు. కోప్పడితేనే నయమనిపించింది అత్తకి.

"చూడండమ్మా. నాకు కనిపించింది రెండు పొయ్యిలు. అదే రాయమంటే రాస్తాను. కానీ రేపు ఎవరైనా ఫిర్యాదు పెట్టి, అబద్ధమని తేలితే పోయేది మేస్త్రీ ఉద్యోగం. ఊడ్చేవాళ్ళది కాదు. ఆలోచించుకుని చెప్పండి."

"ఆలోచించేదేం లేదండీ, రాయండి," అంది కోడలు.

అత్త ఆలోచిస్తోంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఒప్పుకుంటే కొండ అవతలికి పోవాలి. ఒప్పుకోకపోతే? తాను రిటైరయ్యేదాకా ఈ తలుపు ఇలాగే మూసి ఉంచాలి. ఒక ముద్ద కలిసి తినాలన్నా వీధి వైపు చూసుకోవాలి. రేడియో పెదవి కదిలినప్పుడల్లా వణకాలి. ఉద్యోగం పోతుందేమోనని కోడలు జాగ్రత్తపడుతుంది. పడాలి కూడా. ఆ జాగ్రత్తలో ఒకపూట పలకరింపు మానేస్తుంది, ఒకపూట రాక మానేస్తుంది. నటిస్తూ నటిస్తూ ఒకరోజు నిజంగానే వేరుపడి ఉంటాం. అది ఏ రోజో కూడా తెలియదు.

"వేరుపడలేదమ్మా," అంది. "ఆ చిన్న పొయ్యి మొన్ననే కొన్నాం. నన్ను యార్డుకే వెయ్యండి."

"అత్తా!"

"నువ్వూరుకో."

వాళ్ళు వెళ్ళాక కోడలు ఇల్లు పీకి పందిరేసింది. "నన్నొక్కమాట అడిగావా? నేను మేస్త్రీని కాకపోతే కొంపలేమైనా మునుగుతాయా? ఉద్యోగం వద్దని రాసిచ్చేదాన్నిగా!"

"అందుకే అడగలేదు."

"నీ కొడుకొక్కడే వదిలేసి పోయాడనుకున్నా. ఇప్పుడు నువ్వూనా?"

వదిలేసి వెళ్ళిపోతారన్న భయం తనొక్కదానిదే అనుకుంటూ వచ్చింది అత్త ఇన్నాళ్ళూ. ఆ రాత్రి గరిట చప్పుడు వింటూ తాను కూర్చున్నట్టే, అవతల కోడలు రాగం తీసింది భయం తెలియకుండా ఉండటానికేనేమో. ఇప్పుడా మాట అడగడానికి ధైర్యం చాలలేదు. దగ్గరికెళ్ళి ఆమె తల నిమరబోయింది. కోడలు విదిలించుకుని వెళ్ళి, నడిమి తలుపు బార్లా తెరిచి, పెద్ద పొయ్యి వెలిగించింది. ఇద్దరికీ వండింది. వడ్డిస్తున్నంతసేపూ తిడుతూనే ఉంది.

బదిలీ అయిన మనిషిని పాత చోటునుంచి పంపుతున్నట్టు రాసి, సంతకం పెట్టవలసింది ఆ షెడ్డు మేస్త్రీ. కొత్త మేస్త్రీ కుర్చీలో కూర్చుని పెట్టవలసిన మొదటి సంతకం అదే అయింది. వరసలో అత్త ముందుకొచ్చి నిలబడింది, చేతిలో గుడ్డల మూటతో. కోడలు కలం పట్టుకుని కాగితం వైపు చూస్తూ ఉండిపోయింది.

"పెట్టవే," అంది అత్త చిన్నగా. "వెనక జనం నిలబడ్డారు."

"మేస్త్రీని 'పెట్టవే' అంటావా?" అని వెనకనుంచి రేడియో. ఈసారి ఎవరూ నవ్వలేదు.

కోడలు సంతకం పెట్టింది. "శనివారం సాయంత్రం బస్సుకి ఇంట్లో ఉండాలి," అంది తలెత్తకుండా. "రాకపోతే గైర్హాజరు వేస్తా."

"సంతకం పెట్టేశావుగా. ఇక నువ్వు నా పైన మేస్త్రీవి కాదు."

"అవును. ఇక ఆ నిబంధన అడ్డం కూడా లేదు. కోడలిగానే వేస్తా గైర్హాజరు."

బయట యార్డు లారీ హారన్ కొట్టింది. అత్త మూట పైకి అందించి, లారీ పక్క చెక్క పట్టుకుని ఎక్కి కూర్చుంది. లారీ మలుపు తిరిగాక ముందుకి వంగి డ్రైవరుని అడిగింది, శనివారం సాయంత్రం బస్సు యార్డు ముందు ఆగుతుందా, చెయ్యెత్తితే గానీ ఆగదా అని. ఆగుతుందన్నాడు. కొంతదూరం పోయాక మళ్ళీ అడిగింది.