‘ప్రాడ్’కు రెండో అర్థం

ఆ నిఘంటువు కార్యాలయంలో ఆమెను చాటుగా అందరూ గుండుసూది అనేవారు. అచ్చుకు వెళ్లబోయే ప్రతి కాగితంలోనూ తప్పు వెతికి, గుచ్చి మరీ చూపించేది. ఆ పేరు ఆమె చెవిన పడకపోలేదు. పోనీలే, గునపం అనలేదు కదా అనుకునేది. ఇంగ్లీషు మాటలకు తెలుగు అర్థాలు రాయడంలో పదహారేళ్లుగా చెయ్యి తిరిగిన మనిషి. అలాంటి మనిషి ఒక్క మాట దగ్గర మూడు వారాలు ఆగిపోయింది.

ఆ మాట ‘ప్రాడ్’.

మొదటి అర్థం ఇట్టే రాసేసింది: వేలితో గానీ కర్రతో గానీ పొడుచు. పశువులను తోలే ములుకోలను కూడా అలాగే అంటారని చేర్చింది. పుట్టుక దగ్గర కాస్త తంటాలు పడింది. ఆ మాట పుస్తకాలకెక్కి దాదాపు ఐదు వందల ఏళ్లయినా, ఎక్కణ్నుంచి వచ్చిందో ఎవరూ తేల్చలేదు. పొడవడాన్ని అనుకరిస్తూ పుట్టిందని కొందరు, ములుకోలను చెప్పే ‘బ్రాడ్’ అనే పాత మాటకు చుట్టమని కొందరు. సంపాదకుడు పెద్దాయన మాత్రం, తెలియనిదాన్ని తెలియదని రాయడానికి సిగ్గెందుకమ్మా అన్నాడు. అలాగే రాసింది.

మిగిలింది రెండో అర్థం: వెనకాడేవాణ్ణి వెంటపడి పనికి పురికొల్పు. దాని కింద ఒక ఉదాహరణ వాక్యం కావాలి. అక్కడే ఆమెకు కలం కదల్లేదు.

ఆమెకు ఒక్కడే తమ్ముడు. తల్లి పోయేనాటికి వాడికి ఆరేళ్లు, ఆమెకు పదిహేను. తల్లి అయినా అక్క అయినా తనే అయి పెంచింది. వాడు నోట్లో నాలుక లేని పిల్లవాడు. ఎవరైనా పేరడిగితే, అక్క పక్కటెముకల్లో వేలితో పొడిస్తే గానీ పలికేవాడు కాదు. పెద్దయ్యాక గడియారాలు బాగుచేసే దుకాణంలో కుదురుకున్నాడు. కంటికి భూతద్దం బిగించుకుని ఆవగింజంత చక్రాలతో కుస్తీ పట్టడం వాడికి ప్రాణం. ఆమె కంటికి మాత్రం అది ఉద్యోగంలా ఆనలేదు. నలుగురిలో తలెత్తుకునే పని చూసుకోరా అని ఏడాది పాటు చెవినిల్లు కట్టుకుని పోరింది. కరెంటు లైన్‌మన్ ఉద్యోగాలు పడితే దరఖాస్తు తనే నింపి, వాడు సంతకం పెట్టేదాకా పక్కనుంచి లేవలేదు. ఎత్తంటే భయమక్కా అని వాడు గొణిగితే, నాలుగు రోజులు ఎక్కితే ఆ భయమే నిన్ను చూసి పారిపోతుందని నవ్వేసింది.

వాడు తొమ్మిది నెలలు ఎక్కాడు. వాన వెలిసిన ఒక ఉదయం, తడి స్తంభం మీద కాలు జారి పడ్డాడు. ఆసుపత్రికి చేర్చేలోపే ప్రాణం పోయింది.

ఆ తర్వాత రెండు నెలలుగా ఆమె తమ్ముడి భార్య అయిన మరదలి గడప తొక్కలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్లాలో తెలియలేదు.

చివరికి ఒక మధ్యాహ్నం వాక్యం రాసి పెద్దాయన బల్ల మీద పెట్టింది: ‘అక్క పొడవగా పొడవగా తమ్ముడు స్తంభం ఎక్కాడు.’ ఆయన చదివి, కళ్లజోడు తీసి, తుడిచిన అద్దాన్నే మళ్లీ మళ్లీ తుడిచాడు. మరదల్ని చూసి ఎన్నాళ్లయిందని అడిగాడు. ఆమె చెప్పింది. ఆయన కాగితం తిరిగి చేతికిచ్చాడు.

“ఇది చెప్పుకోవాల్సింది ఇక్కడ కాదమ్మా. వెళ్లిరా.”

మరదలు కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. ఆడపడుచును చూసి దారం తెంపి, కుర్చీ మీది గుడ్డలు తీసి చోటిచ్చింది. ఆమె కూర్చోలేదు. నిలబడే చెప్పేసింది: వాణ్ణి స్తంభం ఎక్కించింది తనేనని, వాడు భయమన్నా వినలేదని.

మరదలు కుడుతున్న గుడ్డను మిషను మీంచి తీసి మడత పెట్టింది.

“రోజూ పొద్దున్నే కాళ్లు వణికేవి వదినా ఆయనకి. మీతో చెప్పమన్నాను. తను పనికొస్తానని నమ్మింది అక్క ఒక్కత్తేనట, ఆవిడకి ఎలా చెప్పనన్నారు. ఇంక నేనే బూట్లు అందించి పంపేదాన్ని.”

ఆమె అప్పుడు కుర్చీలో కూర్చుంది.

“మీ మీద కోపం లేదనను. ఉంది,” అంది మరదలు. “నా మీదా ఉంది. కానీ రెండు నెలలు నన్ను ఒంటరిగా వదిలేశారే, ఆ కోపం ఇంకా పెద్దది.”

ఇద్దరూ ఏడ్చారు, కానీ ఒకరినొకరు పట్టుకోలేదు. తర్వాత మరదలు లేచి కూరలు ముందేసుకుంటే, ఆమె అడగకుండానే కత్తి అందుకుంది.

అప్పటినుంచి ప్రతి ఆదివారం వెళ్లేది. కొన్ని వారాలు పెదవి విప్పకుండానే గడిచేవి. అయినా వెళ్లడం మానలేదు. కార్యాలయంలో ఆ వాక్యం కొట్టేసి, పెళ్లికొడుకును ఊరేగింపులోకి నెడుతున్న స్నేహితుల మీద ఏదో రాసి పంపేసింది.

ఏడాదికి పుస్తకం అచ్చయింది. ఒక మాట దగ్గర మూడు వారాలు ఆగిపోయానని ఆమె ఒక ఆదివారం చెప్పి ఉంది; అదేదో చూపించమని మరదలు అడిగింది. పేజీ తీసి ఇస్తే, వేలు పెట్టి అక్షరమక్షరం చదివింది.

“రెండో అర్థంలో ‘ఇష్టం లేకపోయినా’ అన్న మాట లేదేం వదినా?”

ఆమె సంచిలోంచి పెన్సిలు తీసి, తర్వాతి ముద్రణ కోసం పేజీ అంచున ఆ రెండు మాటలూ రాసుకుంది. మరదలు పుస్తకం కదలకుండా పట్టుకుంది.