మా ఇంట్లో మూడో గొంతు

మా అంతస్తులో ఒకాయన, పెళ్ళాం ఉద్యోగానికని గడప దాటడం ఆలస్యం, ఇంకో ఆడమనిషిని ఇంట్లోకి పిలిపించుకుంటున్నాడట. ఆవిడ వచ్చి కూర్చుని ఏడుస్తుందట. ఈయన ఆవిడ మీద కేకలేస్తాడట. సాయంత్రం పెళ్ళాం తిరిగొచ్చే వేళకి ఇల్లంతా సద్దుమణిగి, ఏమీ ఎరగనట్టు ఉంటుందట. ఈ సంగతి మా పక్కవాటాలో ఉండే రిటైరైన నర్సు, మా ఇంటి ఓనరమ్మ చెవిన వేసిందట. ఓనరమ్మ, కింద బట్టలుతికే మిషన్ల గదిలో నా భార్యతో అందట. నా భార్య తడిబట్టల బుట్ట చంకనెత్తుకుని మెట్లెక్కి వచ్చి నాతో అంది.

"ఎవరంటావు?" అన్నాను కుర్చీ ముందుకు లాక్కుని.

"ఆవిడ ఎవరని చెప్పలేదు. నా మొహంకేసి మాత్రం అదోలా జాలిగా చూసింది. నాకెందుకో మన..."

"ఎదురింటి వయొలిన్ మేష్టారే! ఇంకెవరు? పాఠాలని చెప్పి రోజూ ఎవరో ఒక పిల్ల వస్తూనే ఉంటుందిగా."

నా ఉత్సాహానికి కారణముంది. నేను కథలు రాసుకునేవాణ్ణి. నా భార్యకి ఈ దేశంలో, ఆసుపత్రి రక్తపరీక్షల విభాగంలో ఉద్యోగం వస్తే ఆవిడ వెనకాలే వచ్చాను. కొత్త దేశం, కొత్త మనుషులు, కావలసినంత సరుకు దొరుకుతుందని ఆశ. తీరా చూస్తే ఇక్కడ అందరూ తలుపులు బిగించుకుని బతుకుతారు. మా ఊళ్ళో ఎవరింట్లో కూర మాడినా వీధి చివరిదాకా తెలిసేది. ఇక్కడ మెట్ల మీద ఎదురుపడితే వాతావరణం గురించి ఒక ముక్క అని తప్పుకుంటారు. వాన గురించి ఎన్ని కథలని రాయను? అలాంటివాడికి ఈ కబురు ఆకలి మీదున్నప్పుడు ఆకేసి వడ్డించినట్టయింది.

నా భార్యకి మాత్రం నవ్వు రాలేదు.

"మీకు సరదాగానే ఉంటుంది. అద్దె ఒప్పందంలో లేని మనిషి ఇంట్లో మసిలితే ఓనరమ్మ ఊరుకోదు, మర్నాడే పెట్టె సర్దుకోమంటుంది. మన గడువు నెలాఖరుకి అయిపోతోంది. పొడిగిస్తానని ఇంకా నోరు విప్పలేదు."

ఆవిడ దిగులు ఉత్తిది కాదు. ఈ ఇల్లు దొరకడానికి మా తాతలు దిగొచ్చారు. ఎక్కడికెళ్ళినా "ఆయనేం చేస్తారు?" అనేవారు. "రాస్తాను" అంటే, "అది సరే, పనేం చేస్తారు?" అనేవారు. నా భార్య డ్యూటీ తెల్లవారకముందే మొదలు. ఆ వేళప్పుడు బస్సులుండవు. ఇక్కణ్ణుంచయితే ఆసుపత్రికి నడిచి వెళ్ళొచ్చు. ఈ ఇల్లు పోతే ఆ ఉద్యోగం పోయినట్టే.

మర్నాడు ఆవిడ వెళ్ళాక నేను తలుపుకున్న గాజుకన్నానికి కన్ను ఆనించాను. బాగా పొద్దెక్కాక ఒక పిల్ల వయొలిన్ పెట్టెతో మేష్టారింట్లోకి వెళ్ళింది. ఇంకాసేపటికి లోపల్నుంచి సన్నగా, తెరలు తెరలుగా ఏడుపు. నా ఒళ్ళు పులకరించింది. సాకు కోసం చెత్తసంచీ ఒకటి చేత పట్టుకుని, వెళ్ళి ఆయన తలుపుకి చెవి ఆనించాను. తలుపు తెరుచుకుంది. ఆ ఊపుకి నేను మేష్టారి పొట్ట మీదికి తూలాను.

"ఏం కావాలి?"

"చెత్త..."

"చెత్త డబ్బా కింద ఉంటుంది."

"కాదు మేష్టారూ, ఎవరో ఏడుస్తుంటే..."

"ఏడుపు కాదది, మొదటి పాఠం." ఆయన కళ్ళజోడు సవరించుకుని, నా చేతిలోని సంచీని, నన్నూ ఎగాదిగా చూశాడు. "ఏడుపంటే గుర్తొచ్చింది. నేనే మిమ్మల్ని అడుగుదామనుకుంటున్నాను. మీ ఆవిడ వెళ్ళాక మీ ఇంట్లో ఏడిచే ఆవిడెవరు?"

చెత్తసంచీతో సహా వెనక్కి తిరిగి మా ఇంట్లో దూరాను.

చిన్నప్పుడు పంట కళ్ళంలో కుప్పల కాపలాకి వెళితే మా తాత కథలు చెప్పేవాడు. రాజు మాట రాజు గొంతులో, దాసీ మాట దాసీ గొంతులో చెప్పేవాడు. అత్తాకోడళ్ళు కొట్టుకుంటుంటే రెండువైపులా తనే తిట్టుకునేవాడు. నాకు కథ అంటే అదే. తరవాత కాలేజీలో చదివాను, పట్టా పుచ్చుకున్నాను, కానీ నోరు కదిలితే తప్ప నాకు చెయ్యి కదలదు. నాయిక ఏడిస్తే నేనూ సన్నగొంతుతో ఏడవాల్సిందే. మా ఊళ్ళో దీన్నెవరూ పట్టించుకునేవారు కాదు. దారినపోయేవాడు కిటికీలోంచి తల పెట్టి, "ఇవాళ ఎవరికి మూడిందిరా కథలో?" అని అడిగి పోయేవాడు. ఇక్కడి గోడలు అట్టముక్కలని, వాటి అవతల చెవులున్నాయని నాకు తట్టనే లేదు.

సాయంత్రం సంగతంతా చెబితే నా భార్య కుర్చీలో కూలబడింది.

"నాకు నిన్ననే అనుమానం తగిలింది. చెబుదామనుకునేలోపు మీరు..."

"నిన్ననే చెప్పొద్దూ! చెబితే నేనెళ్ళి ఆయన పొట్ట మీద పడేవాణ్ణా?"

ఆవిడ నావంక ఒకసారి చూసి, "ఆదివారం పొద్దున్న ఓనరమ్మ ఇల్లు చూడ్డానికి వస్తానంది. నర్సుగారిని కూడా వెంటబెట్టుకొస్తుందట" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆదివారం అన్నమాట ప్రకారం ఇద్దరూ వచ్చారు. ఓనరమ్మ భారీ మనిషి, తాళాలగుత్తి నడుముకి వేలాడుతూ ఉంటుంది. నర్సుగారు సన్నగా పొడుగ్గా, ముక్కు మీదికి జారిన కళ్ళజోడుతో, రోగి మంచం పక్కన నిలబడ్డట్టే తలుపు పక్కన నిలబడింది. ఓనరమ్మ స్నానాలగది చూసింది. వంగలేక వంగి మంచం కిందా చూసింది. బీరువా తెరిచి, నా భార్య చీర కొస ఒకటి పట్టుకుని లాగింది. అది వస్తూనే ఉంది. లాగినకొద్దీ వస్తూనే ఉంది.

"ఇది ఎంతమందిది?" అంది నిర్ఘాంతపోయి.

"నా ఒక్కదానిదేనండీ," అంది నా భార్య.

"ఒక్క మనిషికి ఇంత గుడ్డా?" ఆవిడ అనుమానం ఇంకో మెట్టెక్కింది. చీర మధ్యలో ఎవరైనా ఉన్నారేమోనని బీరువాలోకి తల పెట్టి కూడా చూసింది. ఆనక నావైపు తిరిగి, "ఆడమనిషి లేదంటారు. మరి ఆ గొంతు?" అంది.

"నాదే," అన్నాను.

"ఏదీ, కానివ్వండి."

చేసేదిలేక కిటికీ పక్క రాసుకునే బల్ల ముందు కూర్చున్నాను. మా ఇంటి భవిష్యత్తు నా కీచుగొంతు మీద ఆధారపడింది. అప్పుడు రాస్తున్నది ఒక భార్యాభర్తల కథ. ఎన్నాళ్ళుగానో మనసులో దాచుకున్న మాట భార్య బయటపెట్టే ఘట్టం. ఆడవాళ్ళ మనసు పట్టుకుని రాస్తానని నాకు కాస్త పేరుంది. గొంతు సవరించుకుని మొదలుపెట్టాను.

"ఏమండీ, నేను చెప్పేది ఒక్కసారి..." అని సన్నగా వెక్కాను. "ఏం చెబుతావ్? నాకు తెలీదా?" అని లావుగా ఉరిమాను. "అది కాదండీ, ఆ రోజు నేను..." అని ముక్కు చీదాను. "ఏది కాదు? అసలు సంగతేమిటంటే నే చెబుతా విను!" అని బల్ల గుద్దాను.

భాష తెలియకపోయినా ఓనరమ్మ నోరు వెళ్ళబెట్టి చూసింది. తరవాత పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది, తాళాలగుత్తి గలగల్లాడుతుండగా. "మళ్ళీ, మళ్ళీ ఏడవండి!" అంది. ఏడ్చాను. నా భార్య వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. పగలంతా ఆసుపత్రిలో ఉండే మనిషి, నేను రాయడం ఆవిడ వినడం అదే మొదటిసారి. ఆవిడ మాత్రం నవ్వలేదు.

ఓనరమ్మ కళ్ళు తుడుచుకుని నర్సుగారి వైపు తిరిగింది. "మీరు విన్నది ఈ గొంతేనా?"

"ఇదే."

"అయితే మూడో మనిషి లేనట్టే. గోడ పక్క ఉండేది మీరు, ఫిర్యాదు చేసింది మీరు. వీళ్ళని ఉండమనమంటారా, వద్దంటారా?"

నర్సుగారు కళ్ళజోడు పైకి తోసుకుని ముందు నన్ను, తరవాత గుమ్మంలో ఉన్న నా భార్యని చూసింది.

"ఉండనివ్వండి. వీళ్ళ భాష నాకు ఒక్క ముక్క రాదు, కానీ ఇన్నాళ్ళూ గోడ ఇవతల్నుంచి విన్నాను. ఆ అమ్మాయి నోరు తెరిచినప్పుడల్లా ఆ మగగొంతు అడ్డొస్తుంది. ఒక్కసారైనా ఆవిణ్ణి మాట పూర్తి చెయ్యనివ్వమనండి."